ఎక్కినవాళ్ళంతా దిగారు

టీ వేళకి అందరూ ఒకచోట చేరాక రోహితేశ్‌కి ఒక సరదా ఉండేది. కప్పు చేత్తో పట్టుకుని ఉనైసి వైపు తిరిగేవాడు.

"కాలేజీ అమ్మాయ్! సరుకుల టేబుల్లో ఏడో కాలమ్ ఏంటో చెప్పు."

ఉనైసి కళ్ళు మూసుకుని ఆలోచించి, "బరువా భయ్యా?" అనేది.

"బరువు తొమ్మిది. ఏడు దిగే రేవు. డిగ్రీ చేతికిచ్చినవాళ్ళు ఇదేమైనా చెప్పారా, చర్చిలో పాటలు నేర్పి పంపించేశారా?"

టికెట్ కౌంటర్ వాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. ఉనైసి కూడా నవ్వేది. నవ్వకపోతే మర్నాడు ఇంకా ఏడిపిస్తాడని ఆమెకి తెలుసు.

సూవా రేవు నుంచి ఇంకో దీవిలో ఉన్న సావుసావుకి ఓడ నడిపే కంపెనీ అది. టికెట్ల దగ్గర్నుంచి సరుకుల దాకా కంప్యూటర్లో ఉన్నదంతా రోహితేశ్ ఒక్కడే కట్టింది. ప్రయాణికుల టేబుల్ మరీ చిన్నది. టికెట్ నంబరు, పేరు, ఇంట్లోవాళ్ళ ఫోను, ఎక్కారా, దిగారా. అంతే, ఐదు కాలమ్‌లు. ఓడ సావుసావు చేరాక రేవులో ఉన్న గుమాస్తా దిగినవాళ్ళందరికీ టిక్కు పెట్టేవాడు. సూవాలో రోహితేశ్ ఒక బటన్ నొక్కితే, దిగినవాళ్ళ ఇళ్ళకి 'మీవారు క్షేమంగా దిగారు' అని మెసేజ్ పోయేది.

ప్రతి కాలమ్‌కీ పేరుంటుంది. 'దిగారా' అన్నది చూసి చెప్పు అని, టేబుళ్ళని ప్రశ్నలడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్‌లో పేరు పెట్టి అడగొచ్చు. రోహితేశ్ మాత్రం ఎక్కడా పేరు రాసేవాడు కాదు. ఉన్నవన్నీ వరసగా తెప్పించి, మూడోది చూడు, ఐదోది చూడు అని రాసేవాడు. ఏ టేబుల్లో ఏది ఎన్నోదో అతని తలలో ఉండేది, ఇంకెవరి తలలోనూ ఉండేది కాదు. తను ఒక్కరోజు సెలవు పెడితే ఆఫీసంతా చీకట్లో తడుముకోవాలి. ఆ తడుముకోవడమే తన ఉద్యోగానికి కాపలా అని అతని లెక్క.

ఉనైసి చేరిన కొత్తలో ఒకసారి నోరు విప్పి అడిగింది.

"భయ్యా, పేర్లతో రాస్తే నయం కదా? రేపెవరైనా మధ్యలో ఒక కాలమ్ చేర్చారనుకోండి, నంబర్లన్నీ జరిగిపోతాయి."

"ఎవరు చేరుస్తారు మధ్యలో? మా అమ్మమ్మ లేచొచ్చి చేరుస్తుందా?" అన్నాడు. ఆ రోజంతా ఎవరు కనిపించినా, "మా అమ్మమ్మ వస్తోందట, టేబుల్స్ జాగ్రత్త" అని ఆమె వినేలా చెప్పాడు.

తర్వాత కొన్ని నెలలకి సర్కారు నుంచి కొత్త నియమం వచ్చింది. లైఫ్ జాకెట్ సైజు ప్రతి ప్రయాణికుణ్ణీ ముందే అడిగి రాసిపెట్టుకోవాలి. మేనేజరు ఫెంటన్ మేడమ్ ఆ పని ఉనైసికి అప్పజెప్పింది. ఉనైసి మధ్యాహ్నం భోజనాల వేళ రోహితేశ్ దగ్గరికి వచ్చింది.

"భయ్యా, జాకెట్ సైజు కాలమ్ చివర్న పెట్టేస్తాను."

"చివర్న ఎందుకు? కౌంటర్లో ఫోన్ నంబరు అడిగాక వెంటనే సైజు అడుగుతారు. ఫోన్ పక్కన పెట్టు. చూడ్డానికి ఒక పద్ధతుండాలి."

"అది కాదు భయ్యా. మీ ప్రోగ్రాములు నంబర్లతో చూస్తాయి కదా. తర్వాత ఉన్నవి ఒక్కో అడుగు జరుగుతాయేమో..."

రోహితేశ్ నోట్లో రోటీ ముక్క ఉంది. పక్క బల్లల దగ్గర నలుగురు తలలెత్తి చూస్తున్నారు.

"నా ప్రోగ్రాముల సంగతి నాకు నేర్పడానికొచ్చావా? చెప్పింది చెయ్యి, పో."

ఆమె వెళ్ళి చెప్పినట్టే చేసింది. ఆమె అన్న మాట అతని బుర్రకి ఎక్కకపోలేదు. సాయంత్రం ఒకసారి చూద్దాంలే అనుకున్నాడు. సాయంత్రం రగ్బీ మ్యాచ్ ఉంది. మర్నాటికి మరిచిపోయాడు.

జరిగిందేమిటంటే, నాలుగో స్థానంలోకి జాకెట్ సైజు వచ్చి కూచుంది. 'ఎక్కారా' ఐదోది అయింది, 'దిగారా' ఆరోది అయింది. రోహితేశ్ ప్రోగ్రాము మాత్రం ఎప్పట్లాగే ఐదోదాన్నే చూస్తూ, ఎక్కినవాళ్ళందరి ఇళ్ళకీ 'క్షేమంగా దిగారు' అని పంపుతూ పోయింది. ఎవరికీ తేడా తెలియలేదు. సూవాలో ఎక్కినవాళ్ళంతా సావుసావులో దిగుతూనే ఉన్నారు మరి.

'సెని రోసి' అనే ఆ ఓడ దారిలో ఉండే కోరో దీవి దాటకముందే ఒకనాడు తెల్లవారుజామున ఒరిగింది. అలల పోటుకి లారీలు కట్టిన గొలుసులు తెగి, లారీలన్నీ ఒక పక్కకి జారాయి. సూర్యుడు పైకి వచ్చేసరికి ఓడ లేదు. నీళ్ళ మీద మనుషులూ, పరుపులూ, చేమదుంపల బస్తాలూ తేలుతున్నాయి. ఎదురొచ్చిన సరుకుల ఓడ ఒకటి కొందరిని పైకి లాగి కోరో జెట్టీలో దింపింది. దీవిలో ఉన్న పల్లెలవాళ్ళు తమ ఫైబర్ పడవలేసుకుని సముద్రంలోకి వెళ్ళారు.

సూవాలో పొద్దున్నే ఆఫీసు గేటు ముందు జనం మూగారు. ఆడవాళ్ళు చాపలు పరుచుకుని కూచుని ప్రార్థనలు చేస్తున్నారు. ఉనైసి కళ్ళు ఉబ్బి వచ్చింది. ఆమె మేనమామ సెమేసా ఆ ఓడలో ఉన్నాడు. తండ్రి లేని ఉనైసిని సొంత ఇంట్లో ఉంచుకుని చదివించింది ఆయనే. ఆయన భార్యా, కొడుకు తోమాసీ కోరోలోనే ఉంటారు.

"భయ్యా, జెట్టీలో ఎవరెవరున్నారో తెలిసిందా? మా మామయ్య..."

"గుమాస్తాలు లేరక్కడ. పోలీసాయన ఫోన్లో టిక్కులు పెడుతున్నాడు. పెట్టనీ."

ఫెంటన్ మేడమ్ మెట్ల మీంచే కేకేసింది. "రోహితేశ్! దొరికినవాళ్ళ ఇళ్ళకి మెసేజ్‌లు పంపెయ్. గేటు దగ్గర సగం మందైనా ఇళ్ళకి పోతారు. టీవీవాళ్ళు కెమెరాలు కూడా తెచ్చారు, చూస్తున్నావా?"

రోహితేశ్ బటన్ నొక్కాడు.

ముందు ఒక ఫోను మోగింది. ఆ తర్వాత గేటు దగ్గర ఫోనులన్నీ మోగాయి. ఒక ముసలామె ఫోను నుదుటికి ఆనించుకుని తారు రోడ్డు మీద మోకరిల్లింది. ఎవరో పాట ఎత్తుకున్నారు, అందరూ అందుకున్నారు. ఒకళ్ళనొకళ్ళు కావలించుకుని, అటు వెళ్ళే పోలీసుని కూడా కావలించుకున్నారు. మేడ మీద ఉనైసి ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది.

"అత్తయ్యా! నాకు మెసేజ్ వచ్చింది! క్షేమమే, క్షేమమే! తోమాసికి చెప్పు, పడవ మీద ఉన్నాడేమో." ఫోను పెట్టేసి వచ్చి రోహితేశ్ భుజం పట్టుకుంది. "ఓయిలే, అయ్యయ్యో భయ్యా! మీ ప్రోగ్రాముని ఎన్ని మాటలన్నానో. ఏమీ అనుకోకండి."

అతను ఆమె చెయ్యి తట్టాడు. అప్పటికి అతనికీ సంతోషంగానే ఉంది.

కాసేపటికి కోరో నుంచి పోలీసాయన ఫోన్ చేశాడు.

"ఏం బాబూ, అందరూ క్షేమమని సూవాలో మీరు అంటున్నారట? నా ముందు స్కూలు హాల్లో ఉన్నవాళ్ళు సగానికి కాస్త ఎక్కువ. మిగతావాళ్ళని ఎక్కడ దింపారు? ఇంకో ఓడ ఏమైనా ఎక్కించుకుందా?"

రోహితేశ్ టేబుల్ తెరిచాడు. టికెట్ నంబరు, పేరు, ఫోను, జాకెట్ సైజు. దాని పక్కన 'ఎక్కారా'. వేలితో ఒక్కొక్కటే చూపిస్తూ లెక్కపెట్టాడు. ఐదో దాని మీద వేలు ఆగిపోయింది.

"వింటున్నావా?" అంటున్నాడు పోలీసాయన.

"చూసి చెప్తాను" అని ఫోను పెట్టేశాడు.

అతను మొదట చేసిన పని ప్రోగ్రాము తెరిచి ఐదు కొట్టేసి ఆరు రాయడం. దాన్ని సేవ్ చేశాక గానీ కుర్చీలోంచి లేవలేదు. తర్వాత ఫెంటన్ మేడమ్ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు.

ఆమె మొత్తం విని, నీళ్ళ గ్లాసు అందుకుని, తాగకుండానే మళ్ళీ కింద పెట్టింది.

"ఎవరికి తెలుసు?"

"నాకు. కోరోలో పోలీసుకి అనుమానం వచ్చింది."

"ఆయనతో నేను మాట్లాడతాను. మధ్యాహ్నం మంత్రిగారొస్తున్నారు. గేటు దగ్గర చూశావు కదా, ఇప్పుడెళ్ళి అది తప్పు మెసేజ్ అంటే మనల్ని బతకనిస్తారా? సాయంత్రం దాకా ఆగు. నేవీ వెతుకుతోంది. దొరికారనుకో, మన మెసేజే నిజమవుతుంది."

"మేడమ్, పల్లెలవాళ్ళ పడవలు వెనక్కొచ్చేస్తాయేమో. అందరూ క్షేమమని..."

"నేవీ ఉందన్నానా లేదా?" ఆమె గొంతు పెంచలేదు. "రోహితేశ్, ఆ ప్రోగ్రాము రాసిందెవరు?"

అతను తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

"అదీ సంగతి. వెళ్ళి కూచో."

అతను వెళ్ళి కూచున్నాడు. బల్ల మీద ఫోను ఉంది. కోరో పోలీసాయన నంబరు అందులోనే ఉంది. 'పడవలు ఆపకండి' అని ఒక్క మాట చాలు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలకి మాత్రం జవాబు తనే చెప్పుకోవాలి. ఫోను తిరగేసి బోర్లా పెట్టాడు.

మధ్యాహ్నం ఉనైసి బజారుకెళ్ళి 'కస్టర్డ్ పై' అనే తియ్యటి కేకు తెచ్చింది. పెద్ద ముక్క కోసి మొదట అతనికే ఇచ్చింది.

"తినండి భయ్యా. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు మీరు. మా తోమాసి మాట్లాడాడు ఇప్పుడే. పొద్దున్నే పడవేసుకుని పగడపు దిబ్బల రీఫు దాటి చాలా దూరం వెళ్ళాడట. మెసేజ్ సంగతి చెప్పడానికి వాళ్ళమ్మ ఫోన్ చేసేసరికి దూరంగా నారింజ రంగుది ఏదో తేలుతూ కనిపించిందట. వలకి కట్టే తేలుడు బుడ్డి అయ్యుంటుందిలే, నాన్న ఒడ్డునే ఉన్నాడుగా అని పడవ తిప్పేశాడట. పెట్రోలు కూడా అయిపోవచ్చిందట. పడవలన్నీ తిరిగి వచ్చేశాయి. ఇప్పుడు జెట్టీలో నాన్న కోసం వెతుక్కుంటున్నాడు. ఆ గోలలో కనిపించట్లేదట!" అని నవ్వింది.

రోహితేశ్ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. తియ్యగా, మెత్తగా ఉంది. నమిలి మింగాడు.

"బావుందా?"

"బావుంది" అన్నాడు.

"ఇంకో ముక్క?"

ఇంకో ముక్క కూడా తిన్నాడు.

మంత్రిగారొచ్చి, కెమెరాల ముందు దేవుడికి కృతజ్ఞతలు చెప్పి వెళ్ళిపోయాక, పొద్దు వాలుతున్న వేళకి మేడమ్ తల ఊపింది. రోహితేశ్ రెండో మెసేజ్ పంపాడు. 'ముందు పంపిన సమాచారంలో సాంకేతిక లోపం ఉంది. మీవారి ఆచూకీ ఇంకా తెలియలేదు.' ఈసారి గేటు దగ్గర పెద్దగా ఎవరూ లేరు. ఆ మెసేజ్ ఇళ్ళకి వెళ్ళింది, కోడి కోసి వండుకుంటున్న ఇళ్ళకి. ఉనైసి ఫోను చూసి, అర్థం కానట్టు అతని వైపు చూసింది.

"భయ్యా, ఇదేంటి? ఇది కదా తప్పు మెసేజ్? పొద్దున్నది కదా నిజం?"

అతను తెర వైపు తిరిగి ఏదో టైపు చేస్తున్నట్టు కూచున్నాడు. ఆమె రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. నేల మీద కూలబడి, నడుముకి చుట్టుకున్న సులు గుడ్డ అంచుని చీర కొంగులా నోటికి అడ్డం పెట్టుకుంది.

సెమేసా మర్నాడు దొరికాడు. ఒంటి మీద నారింజ రంగు జాకెట్ సరిగ్గా సరిపోయి ఉంది, పట్టీలన్నీ బిగించి ఉన్నాయి. చంపింది నీళ్ళు కాదు, ఎండా చలీ అని డాక్టరు చెప్పాడు. ముందు రోజు మధ్యాహ్నం దాటాక కూడా చాలాసేపు బతికే ఉండి ఉంటాడట. దొరికిన చోటు తోమాసి పడవ తిప్పిన చోటికి ఎంతో దూరం లేదు. ఆయనలాగే జాకెట్లతో తేలుతూ పోయినవాళ్ళు ఇంకా ఉన్నారు.

కంపెనీ తన మనుషులతోనే ఒక విచారణ జరిపింది. పొడుగాటి బల్లకి ఒక పక్క ఫెంటన్ మేడమ్, సూట్లు వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు. ఇంకో పక్క ఉనైసి. రోహితేశ్‌ని కొసన కూచోబెట్టారు.

"టేబుల్లో మార్పు చేసింది ఎవరు?" అని అడిగాడు ఒక సూటాయన.

"నేనే సార్" అంది ఉనైసి. "భయ్యాని అడిగే చేశాను. చివర్న పెడతానంటే ఫోన్ పక్కన పెట్టమన్నారు. నంబర్లు జరుగుతాయేమో అని కూడా అడిగాను."

అందరూ రోహితేశ్ వైపు చూశారు. మేడమ్ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"నాకు గుర్తు లేదు సార్" అన్నాడు అతను.

"భయ్యా! భోజనాల దగ్గర. రోటీ తింటున్నారు మీరు. అందరూ ఉన్నారు."

"రోజూ సవాలక్ష అడుగుతుంది సార్. మార్చింది తనే అన్నది మాత్రం కంప్యూటర్లో ఉంది."

ఆ రోజు బల్లల దగ్గర తలలెత్తి చూసిన నలుగుర్నీ పిలిచి అడిగారు. వాళ్ళకీ గుర్తు లేదు.

ఉనైసి చాలాసేపు అతని మొహంలోకే చూసింది. తిట్టలేదు. రోజూ టీ దగ్గర తన మీద జోకులేసినప్పుడు నవ్వినట్టే, పెదవులు కొంచెం కదిలాయి. అలవాటు.

తప్పు ఉనైసిదేనని రాసేసుకుని, క్షమాపణ చెప్పుకోవడానికి కంపెనీవాళ్ళు కోరో వెళ్ళారు. ఆచారం తెలిసిన ఒక పెద్దాయన్ని మేడమ్ తన వెంట తీసుకెళ్ళింది. క్షమాపణ వేడేటప్పుడు ఇచ్చే తిమింగలం పన్ను, చాపలు, గ్రోగ్ అనే మత్తు పానీయం కలిపే వేళ్ళ మోపులు, కిరసనాయిలు డబ్బాలు పడవలో వేశారు. ఉనైసిని కూడా ఎక్కించారు. "ఆ ఊరి పిల్లే కదా, తప్పు చేసిన మనిషి ముందు కూచుంటేనే క్షమాపణకి విలువ" అంది మేడమ్. రాననడానికి ఉనైసికి దారి లేకపోయింది. రాకపోతే పోలీసు కేసు పెడతామని ముందు రోజే ఆమె చెవిన వేశారు.

పల్లె హాల్లో జనం చాపల మీద కూచున్నారు. ఒక పక్క సెమేసా భార్య, తల గొరిగించుకుని, నల్ల బట్టల్లో. ఆమె పక్కన తోమాసి. కంపెనీ పెద్దాయన తిమింగలం పన్ను రెండు చేతుల్లో పట్టుకుని, తల వంచి, మావల్ల జరిగిన తప్పు మన్నించండి అని గొంతు వణికేలా చెప్పాడు. చెప్తూ చెప్తూ ఉనైసి వైపు చెయ్యి చూపించాడు. ఆమె తల నేలకి ఆనించి ఉంది. రోహితేశ్ వెనక వరసలో, చాపల కట్ట పక్కన కూచున్నాడు.

ఊరి పెద్ద పన్ను అందుకున్నాడు. అందుకుంటే క్షమించినట్టే. గ్రోగ్ కలిపారు. చిప్ప వరసగా తిరిగింది. అప్పుడు తోమాసి రోహితేశ్ వైపు చూసి మాట్లాడాడు.

"అన్నా, కంప్యూటర్ పని నీదేనట కదా. ఈ పిల్ల ఏం చేసిందో నాకు అర్థమయ్యేలా చెప్పు. పన్ను పుచ్చుకున్నాం, గొడవేం పెట్టను. ఊరికే తెలుసుకుందామని."

మేడమ్ రోహితేశ్ వైపు తిరిగి కూడా చూడలేదు.

అతను ఎదురుగా ఉన్న కొబ్బరి చిప్పల్ని వరసగా పెట్టాడు. "ఇది పేరు అనుకో, ఇది ఫోను. ఇది ఎక్కినట్టు, ఇది దిగినట్టు. అన్నీ వాటి వాటి చోట్లలో ఉన్నాయి, పని సరిగా నడుస్తోంది." ఇంకో చిప్ప తీసి మధ్యలో దూర్చాడు. "చివర పెట్టాల్సింది ఇలా మధ్యలో పెట్టింది. దాంతో ఎక్కినవాళ్ళు దిగినవాళ్ళ చోటికి వచ్చేశారు." మాట్లాడుతున్నకొద్దీ అతని గొంతు స్థిరపడింది. ఎప్పుడూ ఎవరికీ ఏదీ అంత ఓపిగ్గా విడమరిచి చెప్పి ఎరగడు.

తోమాసి చిప్పల వైపే చూస్తూ కూచున్నాడు. "చివర పెట్టుంటే మా నాన్న బతికేవాడా?"

"పడవ తిప్పేవాడివి కాదు కదా" అన్నాడు రోహితేశ్.

తోమాసి తల ఊపాడు. ఉనైసి దగ్గరికి వెళ్ళి, తల ఎత్తని ఆ పిల్ల ముందు గొంతుక్కూచున్నాడు.

"నిన్ను చదివించడానికి మా నాన్న కొబ్బరి తోట అమ్మాడు. నన్ను బడి మానిపించాడు. నేను ఏమీ అనలేదు. ఇక ఈ ఊరు రాకు ఉనైసీ. అమ్మని చూడ్డానిక్కూడా రాకు."

"బావా" అంది ఆమె, తల ఎత్తి. "ఒక్క మాట..."

కంపెనీ పెద్దాయన ఆమె భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. పన్ను చేతులు మారాక తప్పు చేసినవాళ్ళు మాట్లాడకూడదు. మాట్లాడితే క్షమాపణ చెడిపోతుంది, ఊరందరికీ అవమానం. ఆమె అత్త వైపు చూసింది. అత్త మొహం గోడ వైపు తిప్పుకుంది. ఉనైసి మళ్ళీ తల దించింది.

తిరుగు ప్రయాణంలో ఆమె పడవ ముందు భాగాన ఒక్కతే కూచుంది. మేడమ్ రోహితేశ్ పక్కకొచ్చి, "బాగా చెప్పావు. చిప్పలతో చెప్పడం మంచి ఆలోచన" అంది. అతనికి నవ్వొచ్చినంత పనయింది. అన్ని రోజుల తర్వాత ఛాతీ మీంచి ఏదో దిగినట్టు, ఊపిరి హాయిగా ఆడింది.

సూవా రేవులో దిగాక, ఉద్యోగం పోయిన ఉనైసి సంచీ భుజాన వేసుకుంటుంటే అతను దగ్గరికెళ్ళాడు.

"ఎక్కడైనా ఉద్యోగానికి రాసుకుంటే చెప్పు. మంచి పిల్లవేనని నేను చెప్తాను."

ఆమె అతని వైపు చూసింది. "ఆ రోజు నేను తెచ్చిన కేకు రెండు ముక్కలు తిన్నారు మీరు" అంది. "అప్పటికే తెలుసు కదా మీకు?"

ఆమె బస్టాండు వైపు నడిచింది. చినుకులు మొదలయ్యాయి. అతను టాక్సీ కోసం చెయ్యెత్తాడు.

ఇంట్లో భార్య అడిగితే, "ఆ పిల్ల చేసిన పనికి ఊరి ముందు మేం తలొంచుకోవాల్సి వచ్చింది" అన్నాడు. తర్వాత స్నేహితులతో గ్రోగ్ తాగుతూ అదే చెప్పాడు. కొత్తగా వచ్చినవాళ్ళకి కూడా చెప్పేవాడు, టేబుల్స్ ముట్టుకునే ముందు నన్నడగండి అని. చెప్పగా చెప్పగా ఆ మధ్యాహ్నం అతని తలలోనే మారిపోయింది. ఉనైసి ఏదో అడిగినట్టూ, తను రోటీ తింటూ, "చివర్న పెట్టమ్మా, మధ్యలో పెట్టకు" అన్నట్టూ అతనికి స్పష్టంగా గుర్తుండిపోయింది.